పాదం వంచితే ఆగిన శబ్దం

ధర్మది డుంబ్రిగుడ దగ్గర పాతిక గడపల ఊరు. స్కానింగ్ కోర్సు చదివి, 2003లో విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎమ్మారై టెక్నీషియన్‌గా చేరాడు. మాట తక్కువ మనిషి. తీసిన స్కాన్ మళ్లీ తీయాల్సిన అవసరం అతనికి అరుదుగా వచ్చేది.

2006 జనవరిలో సోంబరు అనే కాఫీ రైతు ఆ ఆసుపత్రిలో చేరాడు. ధర్మ వాళ్ల ఊరికి పైనున్న కొండ మీద అతని తోట. ఏడాదిగా కాస్త దూరం నడిస్తే చాలు, కుడి పిక్క పట్టేసేది. కూర్చుంటే సర్దుకునేది. తర్వాత బొటనవేలి మీద పుండు లేచింది. మూడు నెలలైనా మానలేదు.

స్కాన్ గది చలికి సోంబరు కాళ్లు వణికాయి. కదిలితే బొమ్మ చెడుతుందని, ధర్మ అతని పాదాన్ని కిందికి చాపించి పట్టీతో బిగించాడు.

"కదలకు మావా, అరగంటే."

బొమ్మల్లో మోకాలి కింది రక్తనాళాలు మూసుకుపోయి ఉన్నాయి. పాదం పైనుంచి వేళ్లవైపు వెళ్లే నాళం కూడా చీలమండ దగ్గరే ఆగిపోయింది. సర్జన్ ప్రసన్న అవి చూసి, అడ్డం దాటించి రక్తానికి కొత్త దారి వేయాలన్నా కింద కలపడానికి నాళమే లేదని చెప్పింది. కాలు మోకాలి కింద నుంచి తీసేయాలంది.

మర్నాడు డ్యూటీ దిగాక ధర్మ వార్డుకు వెళ్లాడు.

"కాలు తీసేత్తారట," అన్నాడు సోంబరు. "ఒంటికాలితో కొండెలాగెక్కుతాను?"

అప్పుడే నర్సు గంగాభవాని కట్టు మార్చడానికి వచ్చింది. పెన్నులాంటి చిన్న పరికరాన్ని సోంబరు పాదం మీద ఆనించింది. అందులోంచి రక్తం పారే శబ్దం సన్నగా వినిపించింది.

"రోజూ ఇలాగే వినిపిస్తోందండీ," అంది ఆమె. "మేడమ్‌కి చెప్పాను. పక్కనున్న చిన్న నాళాలదై ఉంటుందన్నారు."

పాత కట్టు లాగుతుంటే సోంబరు నొప్పికి పాదం కిందికి చాపాడు. శబ్దం ఆగిపోయింది. పాదం వెనక్కి తీయగానే మళ్లీ వచ్చింది. ధర్మ అతని చేత ఇంకో రెండుసార్లు అలాగే చేయించాడు. రెండుసార్లూ అంతే.

అతను తిన్నగా ప్రసన్న గదికి వెళ్లాడు.

"మేడమ్, స్కాన్‌లో తప్పు నాదే అయ్యుండొచ్చు. పాదం కిందికి చాపించి కట్టాను. అలా చాపితే శబ్దం ఆగిపోతోంది."

ఆమె లేచి వార్డుకు వెళ్లి, తానే పరీక్షించి చూసింది. "పాదం నిటారుగా ఉంచి మళ్లీ తియ్యండి," అంది.

రెండో స్కాన్‌లో ఆ నాళం సన్నగానైనా వేళ్ల దాకా కనిపించింది. మొదటిసారి అది మూసుకుపోలేదు, పాదం వంపులో నొక్కుకుపోయింది.

నాలుగో రోజు తొడలోని సిర తీసి, మూసుకుపోయిన చోటు దాటించి పాదంలోని నాళానికి కలిపారు. బొటనవేలు తీసేయక తప్పలేదు. కాలు మిగిలింది.

మొదటి స్కాన్ గురించి మేనేజరు ధర్మకు మెమో ఇచ్చాడు. అతను చదివి సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం మరో ఐదు స్కాన్లు తీశాడు.

వర్షాకాలం ముందు సోంబరు చెకప్‌కు వచ్చాడు.

"నడుత్తున్నావా మావా?"

"సంతకి నడిసే ఎల్లొత్తన్నాను. దిగేటప్పుడే కొంచెం తూలుతాది."

బస్సు వేళవుతోందని ఎక్కువసేపు ఉండలేదు.