గొంగడి చాటున రెండు ఆంప్లిఫయర్లు

మా కాక పోయాడని ఫోన్ చేసింది చిన్నమ్మే. ఆమె గొంతులో ఏడుపు కంటే ముందు సంజాయిషీ వచ్చింది. "చాయ్ పెట్టి పిలిచిన బిడ్డా, పలుకలే. చెవులకు అవి పెట్టుకున్నడు గదా, ఇనవడ్తలేదేమో అనుకున్న. మళ్ల పిలిచిన. చాయ్ చల్లారిపోతాందని పోయి భుజం మీద చెయ్యేసిన..." మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి జడ్చర్ల చేరేదాకా నేను ఆ చల్లారిన చాయ్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. పిలిస్తే పలకకపోవడం ఆ ఇంట్లో రోజూ ఉండేదే. అందుకే ఆ మధ్యాహ్నం ఆమెకు కంగారు పుట్టలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడుతుంది. తనకిష్టమైన కుర్చీలో, ఇష్టమైన పని చేస్తూ పోయాడులే అని నేను చెబుతుంటాను. అది నిజమే గానీ, ఆ మాటతో నా దుఃఖం కూడా తగ్గలేదు.

కాక అంటే మా నాయిన తమ్ముడు. మాది కోస్గి దగ్గర పల్లె, గొర్ల మంద ఉన్న ఇల్లు. మా ఇంట్లో మొదట చదువుకున్నది, బ్యాంకు ఉద్యోగానికి వెళ్లింది ఆయనే. పిల్లలు లేరు. ఇంటర్ రెండేళ్లూ నేను జడ్చర్లలో వాళ్ల దగ్గరే ఉండి చదువుకున్నాను, ఆ తర్వాత కూడా ఆదివారం వస్తే అక్కడికే పోయేదాన్ని. రిటైరయ్యాక తోటివాళ్లంతా ప్లాట్లు కొన్నారు, తీర్థయాత్రలకు పోయారు, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. మా కాక హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లలో పడ్డాడు.

ఫోనుకు తీగ గుచ్చుకుని పాటలు వినే మనకు ఈ గొడవ ఒక పట్టాన అర్థం కాదు. పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లకు ఫోనులోంచి వచ్చే బలం చాలదట. మధ్యలో బల్ల మీద ఒక పెట్టె ఉండాలి. ఆ పెట్టెల్లో మళ్లీ ఎన్నో రకాలు. ట్రాన్సిస్టర్లతో నడిచేవి, పాతకాలం రేడియోల్లోలాగా గాజు ట్యూబులు వెలిగేవి. ఒకదాంట్లో గొంతు బాగుంటే ఒకదాంట్లో తబలా బాగుంటుంది. హైదరాబాద్‌లో ఇదే పిచ్చి ఉన్న నలుగురైదుగురు ఆయనకు స్నేహితులయ్యారు. వాళ్ల పెట్టెలు బస్సుల్లో జడ్చర్లకు వచ్చేవి, ఈయన విన్నాక తిరిగి బస్సెక్కేవి. ధర ఎంత అని చిన్నమ్మ అడిగితే "ముందు ఇను" అనేవాడు. ఆమె వినేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు. అట్లా కాపురం సాఫీగా సాగింది.

కొత్త పెట్టె వస్తే మొదట పాట పెట్టేవాడు కాదు. ఏమీ పెట్టకుండా, వాల్యూమ్ పెంచి, ఊరికే కళ్లు మూసుకుని కూర్చునేవాడు. లోపల బుస ఉందా, కరెంటు గుంయ్‌మంటుందా అని చూడటం. పక్కింటివాళ్లు బోరు మోటరు వేస్తే ముఖం చిట్లించేవాడు. ఏం వింటున్నావు కాకా అని అడిగితే, "ఇల్లు కిరాయికి తీసుకునేటోడు సామాన్లున్నప్పుడు చూడొద్దు బిడ్డా, ఖాళీగున్నప్పుడు చూడాలె" అన్నాడు. ఆ తర్వాత నేను ఇల్లు మారిన ప్రతిసారీ ఆ మాట పనికొచ్చింది.

ఇక పరీక్షకు ఆయన వాడేది పాట కాదు, తాను చేసిన ఒక రికార్డింగు. పెళ్లయిన కొత్తలో టేప్‌రికార్డరు కొనుక్కుని పల్లెకు వచ్చినప్పుడు, సాయంత్రం దొడ్డి గోడ మీద పెట్టి మీట నొక్కాడట. మంద ఇంటికి వస్తుంది. దూరంగా గంటలు, దగ్గరయ్యే కొద్దీ డెక్కల చప్పుడు, కుక్క అరుపు, మా నాయిన ఈల. ఆఖర్న మా నాయినమ్మ, అవ్వ గొంతు: "ఓ పిల్లా! తడిక జరుపే, గొర్లొచ్చినయ్!" అవ్వ గొంతు మా అందరికీ మిగిలింది అదొక్కటే. ఆ క్యాసెట్టును ఆయన కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. మా తాతకు కళ్లు మూసుకున్నా, గంట విని ఏ గొర్రె వెనకబడిందో తెలిసేదట. కాక తన పెట్టెల్ని కూడా అట్లాగే పరీక్షించేవాడు. గంటలన్నీ ఒకే ముద్దయి మోగితే ఆ పెట్టె తిరిగి బస్సెక్కాల్సిందే. ఏ గంటకాగంట విడిగా, తన జాగాలో తాను మోగాలి.

మొదట్లో ఆయన కూడా మోసపోయాడు. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి విని, ఒకటి బ్రహ్మాండంగా ఉందని కొనేశాడు. నెల తిరగకముందే తేలింది, అది మంచిది కాదు, కొంచెం గట్టిగా మోగుతుంది, అంతే. ఆ రోజు నాతో అన్నాడు: "దగ్గరున్న గంట మంచిగున్నట్టే కొడ్తది బిడ్డా. రెండు గంటలనూ ఒక్క దూరంల నిలవెట్టి ఇనాలె. అప్పుడు చెప్పు ఏది మంచిదో." అప్పటినుంచి చప్పుడు కొలిచే ఒక మీటరు కొని, రెండు పెట్టెల మోతా సమానం చేశాకే హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడు. నేను కాలేజీలో పాఠం చెబుతాను. గట్టిగా మాట్లాడే పిల్లలే తెలివైనవాళ్లనిపించినప్పుడల్లా నాకు కాక మీటరు గుర్తొస్తుంది.

కంటికి కనబడితే చెవి నమ్మదని ఆయన గట్టి నమ్మకం. మెరిసే పెట్టె చూస్తే బాగా వినబడినట్టే ఉంటుందని, రెండింటి మీదా మా తాత గొంగడి కప్పేవాడు. నల్లటి ముతక గొంగడి. లోపల ఏ తీగ దేనికి పెట్టాడో నాకు తెలియకుండా చేసి, "ఇప్పుడు చెప్పు" అనేవాడు. ఒకసారి అట్లాగే ట్యూబుల పెట్టె మీద కూడా కప్పాడు. ఆ ట్యూబులు చిన్న పొయ్యిల్లా కాగుతాయి. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటల్లో మునిగి ఉన్నాను, కాక నా ముఖమే చూస్తున్నాడు, వంటింట్లోంచి చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏందిది, ఇంట్ల మేక తలకాయ కాలుస్తున్నరా?" అప్పటికి గొంగడికి అరచేతంత చిల్లు పడింది. కాక ఆ చిల్లులోంచి చూసి, "ఏదేందో నీకు తెలిసిపాయె, పరీక్ష చెడిపాయె" అన్నాడు. తండ్రి గొంగడి కాలినందుకు కాదు, పరీక్ష చెడినందుకు ఆయన బాధ. తర్వాత గదిలో తాడు కట్టి, గొంగడిని తెరలా వేలాడదీశాడు. ఆ చిల్లు నా వైపు రాకుండా జాగ్రత్తగా మడిచాడు.

చివరికి రెండు పెట్టెలు మిగిలాయి. ఆ ట్యూబులదొకటి, నల్లటి ట్రాన్సిస్టరుదొకటి. ట్యూబుల దాంట్లో అవ్వ గొంతు ఎంత నిండుగా ఉండేదంటే, పక్కనే నిలబడి పిలిచినట్టుండేది. అదే తీసుకో కాకా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అవ్వ పిలిచినంక, తడిక జరిపేకాడ, ఎనకంగ ఒక సప్పుడుంటది. అది ఇనాలె" అన్నాడు. ఏం చప్పుడు అంటే చెప్పడు. "చెప్తే చెవి దాన్నే పట్టుకుంటది. ఉన్నా లేకున్నా ఉన్నట్టే ఇనవడ్తది. నీ అంతట నువ్వు ఇను."

విన్నాను. ట్యూబుల దాంట్లో అవ్వ గొంతు తర్వాత అంతా మెత్తగా కలిసిపోయింది. నల్లదాంట్లో అవ్వ గొంతు కొంచెం పలచబడింది, కానీ తడిక నేలను రాసుకున్న చప్పుడు వెనకాల, సన్నగా, గలగలమని ఏదో మోగి ఆగింది. ఉంది కాకా, ఇందులో ఉంది అన్నాను. ఆయన హెడ్‌ఫోన్ తీసుకున్నాడు. విన్నాడు, వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. తీగ మార్చి చూశాడు. ఆ తర్వాత హెడ్‌ఫోన్ మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"నీకు ఇనవడ్తాంది గదా?"

"ఇనవడ్తాంది కాకా."

"నిజంగనే?"

"నిజంగనే. గలగలమంటాంది."

అప్పుడు చెప్పాడు. దవాఖానలో చెవులు చూపించుకున్నాడట. సన్నటి చప్పుళ్లు ఆయన చెవులకు ఇక అందవట, ముసలితనంలో ముందు పోయేవి అవేనట. ఇన్ని పెట్టెలు మార్చింది, ఏదో ఒకదాంట్లో ఆ చప్పుడు మళ్లీ తనకు దొరుకుతుందేమోనని. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నువ్వెందుకేడుస్తవ్? పెట్టె మంచిదే. చెవే పాతదైంది" అని నవ్వాడు.

ఇక అవ్వ గొంతు నిండుగా వినిపించే ట్యూబులదే ఉంచుకుంటాడనుకున్నాను. నల్లది కొన్నాడు. హైదరాబాద్ స్నేహితులు ఫోన్లు చేసి తిట్టారు. నీ చెవులకు ఆ మెత్తటిదే సుఖం కదా అని వాళ్ల వాదన. నేనూ అడిగాను. "అవ్వ గొంతు నాకు ఏ పెట్టె లేకున్నా ఇనవడ్తది. నాకోసం కాదు ఇది" అన్నాడు. నల్లదానికి ముందు వైపు హెడ్‌ఫోన్‌కు రెండు రంధ్రాలున్నాయి, ఇద్దరు ఒకేసారి వినొచ్చు. రెండో హెడ్‌ఫోన్ కూడా తెప్పించి, మేకు కొట్టి గోడకు తగిలించాడు. అది చిన్నమ్మ కోసం. ఆమె ముట్టుకోలేదు. "గా హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాకు తల నొస్తది. ఎవలన్న తలుపు కొడ్తే ఎవలు తీస్తరు?" అనేది. ఆయన బలవంతం చేయలేదు. మేకుకున్న హెడ్‌ఫోన్‌ను మాత్రం రోజూ పొద్దున గుడ్డతో తుడిచేవాడు.

కర్మలయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. పొద్దున చిన్నమ్మ ఆ గదిలో బల్ల తుడుస్తూ, "వీటినేం జేద్దాం బిడ్డా? నాకు మీట నొక్కుడు గూడ రాదు" అంది. ఆమెను కాక కుర్చీలో కూర్చోబెట్టాను. మేకుకున్న హెడ్‌ఫోన్ తీసి ఆమె తలకు పెట్టాను, కాకది నేను పెట్టుకున్నాను. ఆ మందనే పెట్టాను.

గంటలు దగ్గరికొచ్చాయి. "గా గంట నల్లచెవుల గొర్రెది" అంది చిన్నమ్మ, చెవులు మూసుకున్న మనిషి కాబట్టి గట్టిగా. అవ్వ పిలిచింది. అత్త గొంతు వినగానే చిన్నమ్మ వెన్ను నిటారయింది, చెయ్యి దానంతటదే పోయి కొంగు సవరించుకుంది. తడిక జరిగింది. దాని వెనక, సన్నగా, గలగల.

చిన్నమ్మ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి నా వైపు చూసింది. "గవి నా గాజులు" అంది. "పెండ్లి గాజులు బిడ్డా. మోచేతి దాక ఏసిన్రు. తడిక జరిపితే సప్పుడైతుండె. మీ అవ్వ నవ్వుతుండె, గీ పిల్ల ఏడున్నదో గొర్లకు గూడ తెలుస్తదని." గోడకున్న మేకు వైపు చూసింది. "మీ కాక ఎన్నడు చెప్పలే."

నాకూ చెప్పలేదు. చెబితే చెవి దాన్నే పట్టుకుంటుందని ఆయన పద్ధతి. తానిక వినలేనిదాన్ని ఆమెకు వినిపించడానికే ఆ నల్లది కొన్నాడని అప్పుడర్థమైంది. చిన్నమ్మ ఒళ్లోని చేతులు చూసుకుంది. పదో రోజు గాజులు తీసేశారు, ఉత్త చేతులు. హెడ్‌ఫోన్ సరిచేసుకుని, "ఇంకొక్కపారి పెట్టు" అంది.

వెనక్కి జరిపాను. గంటలు మళ్లీ దూరం నుంచి మొదలయ్యాయి. చిన్నమ్మ కళ్లు మూసుకుంది. అవ్వ ఇంకా పిలవనే లేదు, ఆమె కుడిచెయ్యి ఒళ్లోంచి లేచి, తడిక పట్టుకోవడానికి ముందుకు వెళ్లింది.