ఏసుమణిని ఎక్కడ దాచాలి

కర్నూలు మ్యూజియం చూసి వచ్చినప్పటి నుంచి మనవరాలు శివలీల సరిగా తినడం లేదు, నోరు విప్పడం లేదు. కూతురూ అల్లుడూ మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి, వలస కూలికి పోయారు. పిల్లకు ఏమన్నా అయితే వాళ్లకు ఏం చెప్పుకోవాలని హులిగెమ్మ గుండెల్లో రాయి పడింది. బడి పిల్లలను తీసుకుపోయి చచ్చినవాళ్ల ఫోటోలు చూపించారట. పిల్లకు గాలి సోకిందని వీధంతా తేల్చేసింది. తాయెత్తు కట్టించినా గుణం కనపడలేదు.

హులిగెమ్మ ఊరుకునే మనిషా? మొగుడు పోయాక పత్తికొండ టమాటా మార్కెట్‌లో దళారులతో దెబ్బలాడి ఇల్లు నడిపిన నోరు అది. తెల్లారగానే బస్సెక్కి మ్యూజియం ముందు దిగింది.

"ఏమప్పా, మా శివలీల లాంటి పసిపిల్లలకు పీనుగుల్ని చూపించేదానికి నీకు జీతమిస్తాండారా?"

పిల్లలకు అన్నీ వివరించి చెప్పే కుర్రవాడు వీరేంద్ర నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "పీనుగులు ఏమీ ల్యావవ్వా. రా, నువ్వే చూడు."

లోపల ఒక గదిలో కొన్నాళ్ల కోసం ఫోటోల ప్రదర్శన పెట్టారు. గోడల నిండా మనుషుల ముఖాలు. పెళ్లిలో దిగినవి, బడిలో దిగినవి. రువాండా అనే దేశంలో ఒక తెగవాళ్లను ఇరుగుపొరుగువాళ్లే కత్తులు పట్టుకొని ఇంటింటికీ తిరిగి నరికారట. కొందరు మాత్రం పక్కింటివాళ్లను తమ ఇళ్లలో దాచి బతికించారట.

"కడాకు పిల్లోళ్లను ఒకటే అడుగుతామవ్వా. నీ స్నేహితుల కోసం అట్లా కత్తులు పట్టుకోని వస్తే మీ ఇంట్లో యాడ దాస్తావు అని. ఒకడు గాదెలో అన్యాడు. ఇంకొకామె మిద్దె మింద అనింది. మీ శివలీల లేచి నిలబడి ఏడ్సింది. ఏసుమణిని దాయాలనుండాది గానీ మా అవ్వ ఆ పాపను గడప దాటనీదు అనింది."

హులిగెమ్మ పోట్లాట మధ్యలోనే వదిలేసి తిరుగు బస్సెక్కింది. ఆమె విషయంలో అది ఎప్పుడూ జరగని పని.

ఏసుమణి ఎస్సీ కాలనీ పిల్ల, శివలీల తరగతే. రోజూ వచ్చి అరుగు కింద నిలబడి పిలిచేది. దాహమంటే హులిగెమ్మే పై నుంచి దోసిట్లో నీళ్లు పోసేది. మా అత్త కాలం నుంచీ ఉన్నదే, నేను కొత్తగా పెట్టానా అని బస్సులో తనతో తానే వాదించుకుంది. కోడుమూరు దాటేసరికి ఆ వాదన ఆమెకే చప్పగా తోచింది.

ఇల్లు చేరేసరికి ఏసుమణి బయటే నిలబడి శివలీలను పిలుస్తోంది.

"ఎంతసేపు అరుస్తావమ్మే? లోపలికి పో."

ఏసుమణి కదల్లేదు. "ఇన్నాళ్లూ వద్దన్యావు కదవ్వా. ఈ పొద్దెందుకు?"

"నాకు బుద్ధి ఇప్పుడొచ్చింది. చాలునా? ఇంగా గడ్డం పట్టుకోని బతిమాలల్లా?"

"మీవాళ్లు ఏమన్నా అంటే?"

"అననీ. ఈ వీధిలో నాకంటే పెద్ద నోరు ఎవురికుండాది?"

ఏసుమణి చెప్పులు విడిచి, ఒకసారి వీధి వైపు చూసి, గడప దాటింది. హులిగెమ్మ అరుగు మీద కూలబడింది. లోపల చప్పుడు లేదు. ఈ పిల్లతో కూడా శివలీల పలకకపోతే?

కాసేపటికి శివలీల గొంతు వినిపించింది. "ఈడ కాదు, కాళ్లు కనపడతాండాయి. శెనక్కాయ మూటల ఎనక్కి పో!"

ఏదో దబ్బున పడింది. ఇద్దరూ పకపకా నవ్వారు.

హులిగెమ్మ కళ్లు తుడుచుకుంది. "మూటలు చినిగితే ఇద్దరి వీపులూ చీరేస్తా!"

"అవ్వా, ఆకలైతాంది," అంది శివలీల లోపలి నుంచి. "ఇద్దరికీ."

ఆమె లేచి పొయ్యి రాజేసింది. జొన్నపిండి మామూలు కంటే ఎక్కువే కలిపి, గుండె నిండా ఊపిరి పీల్చుకొని, రొట్టె తట్టడం మొదలుపెట్టింది.