ఓక్‌హీ మోచేయి

ప్యో ఓక్‌హీకి యాభై దాటాయి. కొరియాలోని డేజన్ నగరంలో ఉన్న మా పరిశోధనశాలలో ఆమె ఉద్యోగం ఒకటే: మేం తయారుచేసే, రబ్బరులా సాగుతూ వెలిగే పలుచని పొరను మోచేతికి అతికించుకుని మామూలుగా బతకడం. యంత్రమూ పొరను సాగదీస్తుంది, కానీ దానికి చెమట పట్టదు, అది అంట్లు తోమదు. పొర ఆరిపోయిన రోజున ఆమె వచ్చి చెప్పాలి.

ఎప్పుడూ ఆరిపోయేది. ఆ పొర తయారీలోనే చిన్న వయసుకే జుట్టు నెరిసిపోయిన మా ఇంజనీరు బాంగ్ తేఓ, పగుళ్లను దీపం కింద చూసి, "పర్లేదు పిన్నిగారూ, మళ్లీ చేద్దాం" అనేవాడు. రానురాను ఆ మాటలో సత్తువ తగ్గింది.

చలికాలం మొదట్లో ఆమె కొత్త పొరతోనే ఆడపడుచు సుక్‌జా ఇంటికి చలికాలానికి సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టడానికి వెళ్లింది. ఉప్పునీళ్లలోంచి క్యాబేజీలు తీసి పిండుతుంటే, చేయి ముడిచినప్పుడల్లా ఆకుపచ్చ వెలుగు సాగి మళ్లీ సర్దుకునేది.

"వదినా, మిణుగురుని కట్టుకొచ్చావేంటి? ఆ చేత్తోనే ఇంకో గంపెడు కడుగు, కరెంటన్నా కలిసొస్తుంది," అంది సుక్‌జా.

"నవ్వు తల్లీ, నవ్వు. బస్సులో పిల్లలు కూడా నా చెయ్యే చూస్తున్నారు."

ఈసారి వారాలు గడిచినా వెలుగు ఆరలేదు. తేఓ ముఖానికి కళ వచ్చింది. సంస్థ పెద్దల ముందు పొర ప్రదర్శన ఖాయమైంది. కానీ పొర కింద చర్మం ఎర్రబడి నీటిపొక్కులు లేచాయి. ఓక్‌హీ కొన్నాళ్లు ఓర్చుకుంది. ప్రదర్శన ముందురోజు ఇక ఓర్చలేక చొక్కా చేయి మడిచి చూపింది.

"వెలుగు బాగానే ఉంది బాబూ. నేనే బాగోలేను."

"ముందే చెప్పొద్దా పిన్నిగారూ?"

"నీ మొహం చూసి ఎలా చెప్పను?"

మా విభాగం పెద్ద తొంగి చూశాడు. "రేపొక్కరోజుకి వేరేవాళ్ల చేతికి అంటించెయ్. పొక్కులు రేపే రావుగా."

తేఓ కుర్చీలో కూలబడ్డాడు. "తర్వాతైనా వస్తాయి సార్. ఇది జనం ఒంటిమీద వేసుకునేది."

ప్రదర్శన ఆగిపోయింది. చెమట ఆవిరి పోయేలా సన్నని రంధ్రాలతో కొత్త పొర తయారయ్యేసరికి వేసవి వచ్చింది. అది అంత వెలగదు. గట్టిగా సాగితే ఓ మూల మసకబారుతుంది. చర్మాన్ని మాత్రం ఏమీ చేయదు. పొక్కులు లేచిన చేతికి మచ్చ ఉండిపోవడంతో ఓక్‌హీ రెండో చేయి చాపింది.

"మానేస్తానన్నా నేనేమీ అనుకోను పిన్నిగారూ," అన్నాడు తేఓ.

"కానీయ్ బాబూ. అతికేలోపు ఓ కునుకు తీస్తాను," అని ఆమె గోడకు తల ఆనించింది.