పీర్ బాషా దించిన శృతి

రాయచోటిలో హార్మోనియంలు బాగుచేసే పీర్ బాషా దగ్గరికి వెళ్లాలంటే నాటకాల వాళ్లు జంకేవాళ్లు. పనిలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు. నోరే దురుసు. రాజు వేషం కట్టే పెద్దమనిషి మీసం దువ్వుకుంటూ వచ్చి ఒక పద్యం ఎత్తుకున్నాడంటే, "నీది నాలుగు శృతి గొంతు. ఐదుకు పాడతాండావు. ఇట్లే పాడితే రెండేండ్లలో గొంతు పోతాది" అని మొహం మీదే అనేసేవాడు. అడగనివాళ్లకూ చెప్పేవాడు. ముసలోడికి కుళ్లు అని ఊళ్లో అనుకున్నారు. కుళ్లూ కాదు, పాడూ కాదు. తెరవాల్సిన రోజున ఆ నోరు తెరవలేదు, అంతే.

ఆయన పుట్టింది బద్వేలులో. తండ్రి ట్రంకు పెట్టెలకు తాళాలు బిగించేవాడు. అక్కడి చర్చిలో కాలితో తొక్కి వాయించే హార్మోనియం ఒకటి ఎండలకు చెక్క విచ్చి పిల్లికూతలు కూస్తుంటే, బాగుచేయమని వీళ్లను పిలిచారు. పదహారేళ్ల బాషా దాని ముందు కూర్చున్నవాడు మళ్లీ లేవనంటాడే! చర్చిలో పాటలు నేర్పే గాబ్రియేలు మంచివాడు. వాయించడమూ నేర్పాడు, హార్మోనియం పెట్టె లోపలి గుట్టూ చెప్పాడు. పలికేవన్నీ సన్నటి ఇత్తడి రీడ్లు. ఆకురాయితో రీడు కొసన గీకితే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఆ రెండో ముక్క నేర్పకుండా ఉంటే బాగుండేదని బాషా తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

ఇరవై ఏళ్లకు కడప శ్రీనివాసులు నాటకాల కంపెనీలో హార్మోనిస్టుగా చేరాడు. పద్యాలు ఎవరు రాసినా వరసలు కట్టేది బాషాయే. పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్లు కూడా ఆ వరసలే కూనిరాగాలు తీసేవాళ్లు. కరపత్రంలో మాత్రం ఆయన పేరుకు చోటుండేది కాదు. పెద్ద అక్షరాల్లో ఉండేది ఒకటే పేరు: "ఆరు శృతి నాగలక్ష్మమ్మ."

కంపెనీలో రాణి వేషాలన్నీ ఆమెవే. ఐదున్నరకు పాడితేనే ఆడగొంతు అంటే ఇదీ అని మెచ్చుకునే రోజులు. ఆమె ఇంకో అర ఎక్కి, ఆరుకు తెల్లవార్లూ పాడి, పొద్దున్నే కిలకిలా నవ్వుతూ సంగటి తినేది. బాషా వరసలన్నీ ఆ గొంతు కోసమే కట్టాడు. ఆమెను అక్కా అనేవాడు. ఆ పిలుపులో ఎంత ప్రేమ ఉందో ఆయన భార్య నన్నీ బీకి తెలుసు, నవ్వి ఊరుకునేది.

పంతొమ్మిది వందల ముప్పై మూడులో నాగలక్ష్మమ్మకు విషజ్వరం వచ్చింది. రెండు నెలలకు లేచింది. ప్రొద్దుటూరులో పాట సరిచూసుకుంటుంటే పైస్వరం దగ్గర గొంతు జీరపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అంతే. ఆమె తెర వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆరు పోతే నేనెవురప్పా బాషా? ఎవురు చూస్తారు నన్ను?"

అయ్యో, అప్పుడే చెప్పాల్సింది. ఒక అర దిగితే ఏమీ కాదక్కా, దిగి పాడు అని. ఆ ఏడుపు చూసి ఆయనకు నోరు రాలేదు. మర్నాడు అందరూ మధ్యాహ్నం నిద్రలో ఉండగా పెట్టె విప్పి, రీడ్లన్నీ మొదట్లో గీకి, మొత్తం పెట్టెనే అర శృతి దించాడు. వేలితో నొక్కే మెట్టు ఆరుదే, పలుకు ఐదున్నరది. ఆ సాయంత్రం నాగలక్ష్మమ్మ పైస్వరం అందుకుంది. "నా గొంతు తిరిగొచ్చిందప్పా!" అని చిన్నపిల్లలా గంతులేసింది. మగవేషాల వాళ్లు కూడా తమ గొంతులు లేచాయని మురిసిపోయారు, వెర్రినాయనలు!

తబలా వాయించే హుసేనప్ప ఒక్కడే కనిపెట్టాడు. తబలా సరిచేసుకునేటప్పుడు ఆయన చెవిని మోసం చేయడం ఎవరి తరం?

"పుణ్యమని చేసినావు గానీ బాషా, ఆయమ్మకు చెప్పు. ఎప్పుడో ఒకనాడు వేరే పెట్టెకు పాడాల్సి వస్తాది."

"చెప్తాలే భాయ్."

చెప్పలేదు. రెండేళ్లకు ఆమె గొంతు ఇంకాస్త దిగితే, ఆయన పెట్టెనూ ఇంకో అర దించాడు.

టాకీలు వచ్చి డేరాలు ఖాళీ అవుతున్న కాలం. జనాన్ని రప్పించడానికి పోటీ నాటకాలు పెట్టేవాళ్లు. ముప్పై ఎనిమిదిలో కర్నూలు నుంచి పిలుపొచ్చింది. ఒకే నాటకం, సగం రంగాల్లో ఆ ఊరి కంపెనీ రాణి, సగం రంగాల్లో నాగలక్ష్మమ్మ. పొద్దున దిగేసరికి పందిట్లో మద్రాసు నుంచి తెప్పించిన కొత్త హార్మోనియం ఉంది. ఇద్దరికీ ఒకటే పెట్టె, తేడా రాకూడదు అన్నారు. బాషా దాని ఆరో మెట్టు నొక్కి విన్నాడు. అది నిఖార్సైన ఆరు, తన పెట్టె కంటే ఒక శృతి పైన పలికింది.

పగలంతా సమయముంది. సత్రానికి రెండుసార్లు వెళ్లాడు. నాగలక్ష్మమ్మ మిరియాల కషాయం పుక్కిలిస్తూ, కరపత్రం గోడకు అంటించుకుని చూసుకుంటోంది. "శానా దినాలకు మంచి పోటీ బాషా!" అంది. రెండుసార్లూ చెప్పకుండానే తిరిగి వచ్చాడు.

తెర లేచేముందు ప్రార్థనకు బాషా ఐదో మెట్టు మీద వేలు పెట్టాడు. అవతలి రాణి పక్కనే నిలబడి ఉంది.

"ఏమప్పా, ఐదు మీద పెట్టినావే? నా మెట్టు యాడుండాదో మర్చిపోయినావా?" అని నాగలక్ష్మమ్మ నవ్వింది.

"ఈ పెట్టె పైకి పలుకుతాది అక్కా. ఐదు చాలు."

"ఈమె ముందర నా పరువు తీస్తావా? ఆరు పెట్టు."

హుసేనప్ప ఆయన వైపే చూస్తున్నాడు. బాషా తల వంచుకుని వేలు ఆరు మీదికి జరిపాడు. పిరికితనం, ఇంకేమిటి?

మొదటి పద్యం ఎలాగో గట్టెక్కింది. ఆమె రెండో రంగంలో బిడ్డను పోగొట్టుకున్న రాణి శోకం, బాషా కట్టిన వరసల్లోకెల్లా పెద్ద వరస. ఆమె మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. జనం వన్స్ మోర్ అని అరిచారు. పాడింది. మళ్లీ వన్స్ మోర్. అవతలి రాణికి మూడుసార్లు వచ్చిందని ఆమెకు గుర్తుంది, మూడోసారీ ఎత్తుకుంది. పైస్వరం దగ్గర గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చి గొంతు ఆగిపోయింది. ఆమె నోరు తెరిచే ఉంది. బాషా వేళ్లు ఇంకా వాయిస్తూనే ఉన్నాయి. ముందు వరసల్లో ఈలలు మొదలయ్యాయి. ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద నెత్తురు మరక చూసి శ్రీనివాసులు తెర దించమన్నాడు.

ఆ గొంతు మళ్లీ రాలేదు. గుసగుసలా గాలి మాట మిగిలింది. కంపెనీ ఆ ఏడే మూతబడింది. ఆమె రాయచోటిలో చెల్లెలి ఇంటికి చేరింది. మూడు నెలలకు బాషా పాత పెట్టె మోసుకుని వెళ్లి, ఆమె ముందు పెట్టి, రీడ్లు విప్పి గీకిన గుర్తులు చూపించి, ఉన్నదంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

ఆమె ఒక్కో రీడునూ వేలితో తడిమింది.

"ఎన్నేండ్లు?"

"ఐదేండ్లక్కా."

"ఐదేండ్లు ఐదుకే, ఐదున్నరకే పాడినానా? అప్పుడు కూడా జనం వన్స్ మోర్ అన్న్యారు కదా?"

"అన్న్యారక్కా."

"అంటే నాకు ఆరు అక్కర్లేదు. ఆ మాట నీకు తెలుసు, నాకు తెలీదు." ఊపిరి అందక ఆగింది. "ఒక్కమాట చెప్పింటే ఈపొద్దు గూడా పాడుకుంటాంటి కదప్పా."

బాషా బద్వేలు తిరిగి వెళ్లలేదు. నన్నీ బీని రప్పించి ఆ వీధిలోనే ఒక గది తీసుకుని, పెట్టెలు బాగుచేయడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు నాగలక్ష్మమ్మ వచ్చి అరుగు మీద కూర్చునేది. ఆయన ఐదుకు ఆ రాణి శోకం వరస వాయిస్తే ఆమె పెదవులు మాత్రం కదిపేది. నలభై ఏడు వేసవిలో ఆమె పోయేదాకా ఎనిమిదేళ్లకు పైగా అట్లాగే సాగింది. ఒక్క పూట కూడా ఆ పెదవుల వైపు చూస్తూ వాయించలేకపోయాడు.