రూతు చేతులు

మొన్న కల్లంలో ఆరబోసిన మిరపకాయల పక్కగా నడుస్తుంటే ఆ ఘాటుకు తుమ్ములొచ్చాయి, తుమ్ముల వెనకే మా చెల్లెలు రూతు గుర్తొచ్చింది. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని, ఎప్పుడూ ఏదీ రాయలేదు. అయినా ఇది నేను రాయకపోతే ఇంకెవరికీ తెలియదు.

రూతుకు చెవులు బాగానే వినపడేవి, మాటలే రాలేదు. అన్నీ చేతులతోనే చెప్పేది. నాలుక బయటపెట్టి అరచేత్తో విసురుకుంటే మిరపకాయ, వేళ్ల కొసలతో గాలిలో గిల్లితే పత్తి, గంట తాడు లాగినట్టు లాగితే ఆదివారం, వేగిన అరిసెను నూనె కారేలా నొక్కినట్టు రెండు అరచేతులూ నొక్కితే క్రిస్మస్. అమ్మ పత్తి తీతకు పోతూ దాన్ని నా వెంట బడికి పంపేది. మా పంతులమ్మగారు "దీనికి చేతులే నోరు, మీరంతా నేర్చుకోండి" అని, చలికాలం పొద్దున మమ్మల్ని ఎండలో వరసగా కూర్చోబెట్టి, రోజుకో గుర్తు దానిచేతే చెప్పించేవారు. నెల తిరిగేసరికి మగపిల్లలు పాఠం మధ్యలోనే చేతులతో కబుర్లాడుకోవడం మొదలుపెట్టారు.

"ఏరా, నేర్పించింది నేనే కదరా, నాకు తెలవదనుకున్నావా? అప్పుడే ఆకలేస్తందా నీకు?" అన్నారు పంతులమ్మగారు ఒకసారి. అందరికంటే ఎక్కువ నవ్వింది రూతే.

ఆ ఏడు మిరపకోతలప్పుడు తనిఖీకి పెద్దసారు వచ్చారు. పెద్దవాళ్లు వస్తే మేమంతా లేచి చేతులు కట్టుకుని నిలబడాలి. పంతులమ్మగారు ఆయనకు మజ్జిగ తేవడానికి పక్కింటికి వెళ్లారు. ఆయన "ఐదు మూళ్లెంత?" అని అడిగారు. రూతు కట్టుకున్న చేతులు విప్పి పది వేళ్లూ చూపించి, మళ్లీ ఐదు చూపించింది.

"ఏంటా చేతులూపడం? కట్టుకో!"

ఆయనకు అర్థం కాలేదనుకుంది కాబోలు, మళ్లీ చూపించింది, ఈసారి ఇంకా నిదానంగా. ఆయన బల్ల మీది బెత్తం అందుకున్నారు. రూతు నావైపు చూసింది. సరిగ్గానే చెప్పిందండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు భయమేసింది. దాని రెండు చేతులూ పట్టుకుని, ముడిచి, దాని గుండెలకే అదిమి, ఆయన వెళ్లేదాకా వదల్లేదు.

మర్నాటి నుంచి అది బడికి రాలేదు. పంతులమ్మగారు మూడుసార్లు ఇంటికొచ్చారు.

"ఏందోనమ్మగారూ, ఎందుకు పోవే అంటే ఏం చెప్పట్లా" అంది అమ్మ.

రూతు చేతులు పావడా కింద పెట్టుకుని కూర్చుంది. నేను మంచంకోడు పట్టుకుని నిలబడ్డాను, నోరు విప్పలేదు. తర్వాత అది అమ్మతోపాటు మిరపకాయల తొడిమలు తీయడానికి పోయింది. బతికినన్నాళ్లూ అదే పని.

ఆ పెంకుల బడి ఇప్పుడు లేదు, ఆ గుర్తులు తెలిసినవాళ్లూ తలోచోటికి పోయారు. కొత్త బడిలో మాటలు రాని పిల్లాడికి బొమ్మల అట్టలిచ్చారట, నీళ్లు కావాలంటే గ్లాసు బొమ్మ చూపిస్తాడట. విని సంతోషించాను, ఇంటికొచ్చి ఏడ్చాను.

రూతు పోయి మూడేళ్లు. చిన్నప్పుడు నా చెవితమ్మె తెగింది, అందుకని నన్ను అక్కా అని పిలవాలంటే అది తన చెవితమ్మె పట్టుకుని లాగేది. ఆ తనిఖీ రోజు తర్వాత ఎప్పుడూ అలా పిలవలేదు. అవసరమైతే వచ్చి భుజం తట్టేది, అంతే. చివరికి ఆస్పత్రిలో కూడా దాని మంచం పక్కనే కూర్చుని చూశాను, ఆ చెయ్యి ఒక్కసారైనా చెవి దాకా వెళ్తుందేమోనని. వెళ్లలేదు.