నైరుతి వైపు రింగు

మొన్న ఉదయం మా వారు ఫోనుని కాఫీ గ్లాసుకి ఆనించి, అమెరికాలో జరిగే బాస్కెట్‌బాల్ మ్యాచి చూస్తూ పెద్దగా నిట్టూర్చారు. సీజనంతా కనపడ్డ ప్రతివాళ్ళనీ ఓడించుకుంటూ వచ్చిన ఆయన అభిమాన జట్టు తీరా నాకౌట్లలో తమకంటే చిన్న జట్టు చేతిలో ఓడి ఇంటిదారి పట్టిందట. తర్వాత కోట్లు వేసుకున్న పెద్దమనుషులు కొందరు కూర్చుని ఎందుకు ఓడారో వివరించారు. గుండె నిబ్బరం లేదని దాదాపు అందరూ తేల్చారు. బాబుకి రాగిజావ తాగిస్తున్న నేను, వీళ్ళు ప్రాక్టీసు ఎక్కడ చేస్తారండీ అని అడిగాను. ఆయన నవ్వి, "అద్దాల మేడల్లాంటి కోర్టులుంటాయి వాళ్ళకి. నీకెందుకొచ్చింది ఆ సందేహం?" అన్నారు. ఎందుకొచ్చిందో చెప్పబోతుంటే బాబు దగ్గాడు, పొలమారిందేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది, మాట అక్కడే ఆగిపోయింది. వాడు పడుకున్నాడు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మా చిన్నతనంలో మన గుంటూరులో బంతి ఆడినందుకు జీతమిచ్చే షావుకార్లు కూడా ఉండేవారని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, నా ఈడు వాళ్ళు కొందరికైనా గుర్తుండే ఉంటుంది. పెదకాకాని దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజి ఉండేది. దాని షావుకారుగారు కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడినాయన. ఆ మోజు తీరక, పొడుగాటి కుర్రాళ్ళను ఊళ్ళ వెంట వెతికి పట్టుకొచ్చి, గుమాస్తాలని, కాటా మనుషులని పేరుపెట్టి, నిజానికి ఆడటానికే జీతమిచ్చేవారు. ఆ జట్టుకి మా నాన్న కెప్టెను. పొద్దున కాసేపు కాటా దగ్గర నిలబడితే మిగతా రోజంతా వెనకనున్న పెద్ద రేకుల షెడ్డులో, సిమెంటు నేల మీద సున్నంతో గీసిన కోర్టులోనే ఉండేవారు. మా ఇల్లు ఆ ప్రహరీ పక్కనే కాబట్టి నేను ఎక్కాలు వల్లెవేసింది, అన్నం తిన్నది, అలిగి పడుకున్నది అన్నీ ఆ బంతి చప్పుడులోనే.

కార్తీకంలో లీగు మ్యాచిలు మొదలైతే మా వాళ్ళకి ఎదురుండేది కాదు. ఫాల్గుణంలో నాకౌట్లు వచ్చేసరికి మాత్రం ఏటా మొదటి గడపలోనే బోర్లాపడేవారు. కార్తీకంలో పులులు, ఫాల్గుణంలో పిల్లులు అని బజారులో ఎగతాళి పుట్టింది. నరుల దిష్టి అని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. షావుకారుగారు చొక్కాల రంగు మార్పించారు, బాదంపప్పులు పెట్టించారు, ఏవీ పనిచేయక చివరికి గుండె చాలని మనుషులని విసుక్కున్నారు. ఒక ఏడాది సంక్రాంతి వెళ్ళగానే జట్టునంతా పిలిచి, ఈసారీ కప్పు రాకపోతే ఇక బంతి పక్కనపెట్టి బుద్ధిగా ఉద్యోగం చేసుకోండని చెప్పేశారు. నాన్న ఆ రాత్రి మామూలుగానే అన్నం తిన్నారు గానీ, ఆ ఆట తప్ప ఆయనకి వేరే సంతోషమంటూ లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మాఘమాసంలో ఒక సాయంత్రం నాన్నకి కాఫీ ఇవ్వడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. అప్పటికే కొత్త మిర్చి దిగుతోంది. బరువు నైరుతిలో ఉండాలన్నది షావుకారుగారి వాస్తు పట్టింపు. కోల్డ్ స్టోరేజి లోపల గది దొరికేదాకా టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, షెడ్డులో నైరుతి వైపు రింగు అందేంత ఎత్తున పేర్చేవారు. మిగిలిన సగం కోర్టులో, ఈశాన్యం వైపున్న ఒక్క రింగుకే మా వాళ్ళు ఆడుకునేవారు. ఏటా జరిగేదే కనుక అదొక వింతగా ఎవరికీ తోచలేదు. అమ్మ కాసేపు చూసి, ఇంటికొచ్చాక కంచంలో పప్పు వడ్డిస్తూ అంది: "బుట్టలో వెయ్యగానే అందరూ అట్టా నుంచుండిపోతారేంటండీ, ఎవరో హారతి పట్టుకొస్తున్నట్టు? పోయినేడు బెజవాడ మ్యాచిలోనూ అంతే. మీరు నుంచున్నారు, వాళ్ళేమో అవతలికి పోయి వేసేసుకున్నారు."

నాన్న నవ్వారు. తర్వాత ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఒకటే రింగు ఉన్నచోట, బంతి వేశాక వెనక్కి పరుగెత్తే పని లేదు. తీసుకుని మళ్ళీ మొదలుపెట్టడమే. నెలా నెలన్నర అలా ఆడితే ఒంటికి అదే అలవాటవుతుంది. ఇన్నేళ్ళూ మనసులో వెతుక్కున్న లోపం కాళ్ళలో ఉందన్నమాట.

మర్నాడు నాన్న వెళ్ళి షెడ్డు మొత్తం ఇమ్మని అడిగారు. వాస్తు వదులుకోవడానికి షావుకారుగారు చాలా మథనపడ్డారని విన్నాను గానీ, ఆయన ఆట ఎరిగిన మనిషి, విషయం ఇట్టే గ్రహించారు. టిక్కీలను ఆఫీసు వరండాలోకి, తన కారు షెడ్డులోకి మార్పించి, నాకౌట్లు అయ్యేదాకా షెడ్డు నీదేనని నాన్నకి మాటిచ్చారు. ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో పండగలా గడిచాయి. బంతి వేయడం, వెంటనే వెనుదిరగడం. వెనుదిరగని వాళ్ళని పట్టుకుని "ఏరా, హారతి కోసమా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు.

ఇంకో వారంలో మ్యాచి అనగా మబ్బు పట్టింది. కల్లాల్లో ఆరబోసిన కాయ ఎత్తుకుని రైతులంతా ఒక్కసారే బయల్దేరారు. ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. లోపల గదులు నిండిపోయాయి, వరండాల్లో చోటు లేదు. చినిగిన టార్పాలిన్ పట్టా ఒకటి పట్టుకుని బస్తాల మీద కూర్చున్న ఒక పెద్దావిడ అరుస్తోంది: "నాలుగు చినుకులు పడితే కాయ రంగుపోయి నా ఏడాదంతా తాలే బాబూ, తీయండి గేటు." షావుకారుగారు నాన్న వైపు తిరిగి, "మాటిచ్చింది నీకు. తీయమంటే తీస్తాను, వద్దంటే లేదు" అన్నారు. నాన్న పక్కనే ఉన్న పొడుగు బాబాయి, అంటే జట్టులో అందరికంటే పొడుగైనాయన, "అన్నా, ఇంకో కోల్డ్ స్టోరేజికి పోతారులే. వారమేగా, మన ఆట మనం చూసుకుందాం" అన్నారు. అన్నది తప్పేమీ కాదు, ఆయనకీ ఆ జీతమే ఆధారం. నాన్న కోర్టు వైపు ఒకసారి చూసి, "దించండ్రా" అన్నారు. దించింది కూడా ఆ ఆటగాళ్ళే. ఆ ఘాటుకి తుమ్ముకుంటూ, మండే చేతుల్ని అమ్మ ఇచ్చిన మజ్జిగలో ముంచుకుంటూ, చీకటిపడే వేళకి రెండో రింగు కూడా కనపడకుండా పేర్చేశారు. తర్వాత వాన పడనే పడింది. పరీక్షల రోజులు కావడంతో ఊళ్ళో కాలేజీ కోర్టులు కూడా దొరకలేదు.

మ్యాచిలో సగందాకా మా వాళ్ళు బాగానే వెనుదిరిగారు. అలసట మొదలయ్యాక కాళ్ళు పాత అలవాటుకి పోయాయి. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇప్పటికీ ఆ నొప్పి తెలుస్తుంది. షావుకారుగారు సంక్రాంతప్పుడు చెప్పినట్టే జట్టు తీసేశారు. నాన్న రిటైరయ్యేదాకా కాటా దగ్గరే పనిచేశారు. ఎందుకు ఓడిపోయారని ఎవరడిగినా, అవతలివాళ్ళు బాగా ఆడారనే చెప్పారు. వాన సంగతి గానీ, రైతుల సంగతి గానీ ఎత్తేవారు కాదు. ఆ పెద్దావిడ తర్వాతి ఏళ్ళలో ఎన్నోసార్లు ఆయన ముందే బస్తాలు తూయించుకుని ఉంటుంది, ఆ రోజు గేటు తీయించినందుకు ఆయనకేం పోయిందో ఆమెకీ తెలియదు.

ఇప్పుడు ఆ షెడ్డు ఉన్నచోట కొత్త గదులు కట్టారు. వాన కబురు రైతుకి ఫోనులో ముందే వస్తుంది, పట్టాలూ మంచివి దొరుకుతున్నాయి, అవన్నీ మంచికే. మా అపార్ట్‌మెంటు వెనక పిల్లలు ఆడుకోవడానికి రెండు రింగులతో ఒక కోర్టు ఉంది. సాయంత్రాలు పక్క వీధి పిల్లలు గోడ దూకి వచ్చి ఆడుతున్నారని, గేటుకి తాళం వేద్దామా అని వచ్చే ఆదివారం మీటింగు పెట్టారు. ఆ పిల్లల వల్ల దగ్గులూ జలుబులూ వస్తాయని అందరికంటే ఎక్కువ భయపడేది నేనే. మా బ్రాడీపేటలో ఆటో ఎక్కితే కాసేపట్లో నాన్న దగ్గరుంటాను, తాళం వేయాలో వద్దో అడగొచ్చు. ఆయన ఏమంటారో నాకు తెలుసు, అందుకే ఇంకా అడగలేదు.