నోట్లో చింతపిక్క, ఎదురుగా ఎలుగుబంటి

మా చిన్నప్పుడు జీడితోటలోకి ఎవరూ నోరు మూసుకుని వెళ్ళేవారు కాదు... శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తోటల్లో ఎలుగుబంట్లుండేవి. అలికిడి లేకుండా దగ్గరికి వెళ్ళిపోతే అది బెదిరి మీద పడుతుంది. అందుకని తోట మొదట్లోనే "హో... వస్తన్నాం తల్లీ... తప్పుకో..." అని కూత పెట్టుకుంటూ నడిచేవాళ్ళం. కట్టెలకెళ్ళే ఆడవాళ్ళయినా, బడికెళ్ళే పిల్లలయినా అంతే.

అరవైల చివరి మాట ఇది... మా బడికి కొత్తగా డ్రిల్లు మాస్టారొచ్చారు. విజయనగరం మనిషి. మా పెద్దనాన్న కూతురు పైడమ్మక్క పరుగు చూసి, శ్రీకాకుళంలో జరిగే ఆటల పోటీలకి ఎంపిక చేశారు. ఆడపిల్ల పరికిణీ ఎగ్గట్టి రోడ్డు మీద పరిగెడితే ఊరు నవ్విపోదూ? అందుకని తెల్లవారుతూనే జీడితోటలో కాలిబాట మీద పరిగెత్తేది. తోడుకి నన్ను పంపేవారు. అక్కకి పద్నాలుగు, నాకు పదకొండు. ఆ చలిలో దుప్పటి వదిలి రావాలంటే నాకు ఏడుపొచ్చేది.

మాస్టారు అక్కకి ఒక కిటుకు చెప్పారు. నోటితో గాలి పీలిస్తే ఆయాసం వస్తుందట. అందుకని పెదాల మధ్య చింతపిక్క బిగబట్టి, ముక్కుతోనే ఊపిరి తీస్తూ పరిగెత్తాలి. పిక్క పడిపోతే ఆ రోజు పరుగు దండగ. మాస్టారి మాట అక్కకి వేదవాక్కు.

మరి కూత ఎవరు పెడతారు? ఆ పని అక్క నాకు అప్పజెప్పింది. "నువ్వు నా ఎనకాలే అరుసుకుంటా రాయే. నాకు నోరు కాళీ ఉండదు కదేటి!" అంది. సరేనన్నాను. కొన్నాళ్ళు బాగానే సాగింది... బాగా మంచు పట్టిన ఆ పొద్దుటిదాకా.

ఆ రోజు పక్క చెట్టు కూడా సరిగ్గా కనిపించలేదు. జీడాకుల మీంచి మంచు బొట్లు టపటపా రాలుతున్నాయి. సగం దారిలో నాకు డొక్కలో నొప్పి పట్టేసింది. కూత పెట్టడానికి ఊపిరి అందక వంగి నిలబడిపోయాను. అక్క అడుగుల చప్పుడు దూరమైంది... ఉన్నట్టుండి ఆగిపోయింది.

అక్క ఎప్పుడూ మధ్యలో ఆగదు.

పిలవబోతుంటే వినిపించింది... కొలిమి తిత్తి ఊదుతున్నట్టు ఉఫ్... ఉఫ్... మనే చప్పుడు. దానితోపాటే ఏదో ముతక వాసన. చెట్టూ చెట్టూ పట్టుకుంటూ ముందుకి వెళ్ళాను. మలుపులో అక్క నిలబడి ఉంది. అక్కకి ఎదురుగా, మా ఇంటి వసారా అంత దూరంలో, చెదపుట్ట దగ్గర ఎలుగుబంటి. వీపు మీద పిల్ల. పిల్లల తల్లి ఎదురుపడటం కంటే ఘోరం తోటలో ఇంకోటి లేదు.

అది వెనక కాళ్ళ మీద లేచింది. పిల్ల జారి కిందపడి తల్లి కాళ్ళ వెనక్కి దూరింది. తల్లి మూతి పైకెత్తి గాలి వాసన చూస్తోంది. పొడుగాటి గోళ్ళు కనబడుతున్నాయి.

మా నాన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో... "దూరంగా ఉంటే కూతెట్టు. ఎదురుపడిపోతే మట్టుకు నోరెత్తకు, ఎనక్కి తిరిగి పరిగెట్టకు" అని. నాకు ఆ రెండే చెయ్యాలనిపిస్తోంది! కేక గొంతుదాకా వచ్చేసింది. పరికిణీ అంచు నోట్లో కుక్కుకున్నాను. అక్క చచ్చిపోతుంది... నేనొక్కదాన్నే ఇంటికెళ్ళి పెద్దమ్మకి ఏం చెప్పాలి... బుర్రలో ఇదొక్కటే.

అక్క కదల్లేదు. పిక్క ఇంకా పెదాల మధ్యే ఉంది. ఎంతసేపయిందో తెలియదు... చివరికి తల్లి కిందికి వాలి, పిల్లని మూతితో తోసుకుంటూ రేగుపొదల్లోకి వెళ్ళిపోయింది. కొమ్మల చప్పుడు ఆగాక కూడా మేమలాగే నిలబడి ఉన్నాం. ఆ పిక్క వల్ల అక్క చావుదాకా వెళ్ళిందా, ఆ పిక్క వల్లే అరవకుండా బతికిందా... నాకు ఇప్పటికీ తేలలేదు.

అక్క దాన్ని ఉమ్మేసి నా చెయ్యి పట్టుకుంది. మొదటి మాట ఏమందో తెలుసా... "ఒసే, ఇంట్లో సెప్పకే. తెలిస్తే పరుగు మానిపించేస్తారు." నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం మీదకొస్తే పరుగట, పరుగు!

నేను చెప్పలేదు. సాయంత్రానికి దడుపు జ్వరం వచ్చి నా ఒళ్ళే చెప్పేసింది. నాన్నమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, "ఎలుగు ఒంటిదా, పిల్లల్దా?" అని మాత్రం అడిగింది.

"పిల్లతోటి..." అని అక్క భోరుమంది.

ఇక పరుగు అయిపోయినట్టే అనుకున్నాం. నాన్నమ్మ మాత్రం, "రేపట్నుంచి ఆ పిక్క పారేయ్. కూతెట్టుకుంటానే పరిగెట్టు. ఆయాసమొస్తే రానీ. మేస్టరేటంటాడో నాను సూసుకుంతాను" అంది. జ్వరం తగ్గాక నన్నూ పంపింది! పోటీలదాకా ప్రతి పొద్దూ ఆ మలుపు రాగానే నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని. మా ఇద్దరి కూతలకీ తోటంతా దద్దరిల్లేది.

శ్రీకాకుళంలో ఏం జరిగిందో మాస్టారే వచ్చి నాన్నమ్మకి చెప్పారు. ఈల వెయ్యగానే అక్క అలవాటుకొద్దీ "హో... వస్తన్నాం... తప్పుకో..." అంటూ దూసుకుపోయిందట. జనం గొల్లుమన్నారట. పక్క పిల్ల నిజంగానే తప్పుకుందట! అక్క రెండో స్థానంలో వచ్చింది.

ఇప్పుడా తోట సగం కూడా లేదు. జనం చెవుల్లో పాటలు పెట్టుకుని సిమెంటు బాటల మీద నడుస్తున్నారు. తిండి దొరక్క ఎలుగులే ఊళ్ళోకి వస్తున్నాయి. మీ ఊరి దారుల్లో మీ గుండె ఆగినంత పనైన రోజు ఏదైనా ఉంటే కింద రాయండి... నాలాంటివాళ్ళు ఇంకెందరున్నారో చూద్దాం.

మొన్న మా పాత వీధిలోకి ఎలుగు ఒకటి వచ్చిందట. కర్రలతో, ఫోన్లతో జనం వెంటపడ్డ వీడియో నాకెవరో పంపారు. ఆమదాలవలసలో ఉన్న అక్కకి అది పంపించి, ఫోన్ చేశాను. పాత సంగతులు తలుచుకుని నవ్వుతుందనుకున్నాను.

"పాపం... ఎంత బెదిరిపోనాదో అది" అంది.